బ్యాంకు పేరు దాచే యాప్‌కు పైసా ఇవ్వొద్దు

యాప్‌లో దాచిన డబ్బు భద్రమేనా అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగిన ప్రతివారినీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీ డబ్బు ఏ బ్యాంకులో ఉంది? చాలామంది యాప్ పేరే చెబుతారు. అది బ్యాంకు కాదండీ, దాని వెనుక ఉన్న బ్యాంకేది అంటే మాట ఆగిపోతుంది. జీతం అందులోనే పడుతోంది. పిల్లల ఫీజుకు కూడబెట్టింది అందులోనే ఉంది. అమ్మ ఆపరేషనుకని పక్కన పెట్టిందీ అందులోనే ఉంది. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలియదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. తెలియకుండా ఉండేలాగే ఆ యాప్‌ను తయారు చేశారు. నా కోపమంతా దాని మీదే.

మన దేశంలో శాఖలు లేకుండా ఫోన్‌లో మాత్రమే నడిచే బ్యాంకుకంటూ విడిగా లైసెన్సు లేదు. అలాంటిది ఒకటి పెట్టమని నీతి ఆయోగ్ 2022లో నివేదిక ఇచ్చింది కానీ అది ముందుకు సాగలేదు. కాబట్టి నియోబ్యాంకు అని చెప్పుకునే ప్రతి కంపెనీ ఏదో ఒక అసలు బ్యాంకు ముందు నిలబడి మనల్ని లోపలికి పిలిచే మధ్యవర్తి మాత్రమే. ఖాతా బ్యాంకుది, తెర కంపెనీది. 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం బ్యాంకు కాని కంపెనీ తన పేరులో బ్యాంకు అని పెట్టుకోకూడదని స్పష్టంగా చెబుతోంది. కంపెనీలు పేరులో పెట్టుకోవడం మానేసి మిగతా అన్నిచోట్లా అదే అర్థం వచ్చేలా ప్రచారం చేసుకుంటున్నాయి. ప్రకటనలో సినిమా నటుడు, నగరాల్లో పెద్ద పెద్ద హోర్డింగులు, ఖాతా తెరిస్తే క్యాష్‌బ్యాకు. అసలు బ్యాంకు పేరు కావాలంటే తెరను కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ పోవాలి. చిట్టచివర బూడిద రంగులో, చత్వారం ఉన్నవాళ్లు చదవలేనంత చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపిస్తుంది. బ్యాంకింగ్ సేవలు అందించేది ఫలానా బ్యాంకు, మేము బ్యాంకు కాము అని. మన డబ్బుకు సంబంధించిన అతి ముఖ్యమైన నిజాన్ని అక్కడ పడేశారు.

దీనివల్ల ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. తెనాలిలో మాకు తెలిసిన ఒకామె జాకెట్లు కుడుతుంది. ఆధార్ నంబరు కొట్టి, ఓటీపీ పెట్టి, టీ చల్లారేలోపు యాప్‌లో ఖాతా తెరిచింది. చీటీ పాడిన డబ్బు అందులోనే వేసుకుంది. అలా ఓటీపీ ఒక్కదానితో తెరిచిన ఖాతాలో లక్షకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదిలో రెండు లక్షలకు మించి జమ కాకూడదు, ఏడాది లోపు పూర్తి గుర్తింపు తతంగం ముగించకపోతే ఖాతా ఆగిపోతుంది. రిజర్వు బ్యాంకు నిబంధన అది. ఆమెకు ఎవరూ ఆ సంగతి తెలుగులో చెప్పలేదు. కూతురి కాలేజీ ఫీజు కట్టబోతే చెల్లింపు వెళ్లలేదు. వీడియో కాల్‌లో గుర్తింపు చూపించమన్నారు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాన్ కార్డులో పుట్టింటి ఇంటిపేరు. మన దగ్గర పెళ్లయిన ఆడవాళ్లలో ఇది ఎంత మామూలు విషయమో చెప్పనక్కర్లేదు. అవతల కూర్చున్న కుర్రాడు పేర్లు సరిపోవడం లేదని కాల్ పెట్టేశాడు. చాట్‌లో రాస్తే యంత్రం జవాబిచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు.

"అన్నా, ఈ కార్డు మీద బ్యాంకు పేరేదో ఉంది, ఆ బ్యాంకు మన ఊళ్లోనే ఉంది కదా, పోదామా?" అంది. వెళ్లాం. కౌంటర్‌లో ఉద్యోగి ఖాతా నంబరు కొట్టి చూసి, "ఖాతా మాదేనమ్మా. కానీ దీన్ని మేమిక్కడ ముట్టుకోలేం. యాప్ వాళ్లనే అడగాలి" అన్నాడు. "డబ్బు మీ దగ్గరే ఉంది కదండీ, వాళ్లనెందుకు అడగాలి?" అని ఆమె అడిగింది. ఆ ఉద్యోగి దగ్గర జవాబు లేదు. అది అతని తప్పు కాదు, పైవాళ్లు అతనికి ఏ అధికారమూ ఇవ్వలేదు. ఫీజు గడువు ఆగదు కాబట్టి ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టింది. తన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉండగానే అప్పు చేసింది. తర్వాత ఆ డబ్బు పైసలతో సహా వచ్చింది. ఎక్కడా ఎవరూ దోచుకోలేదు. ఏ లెక్కలోనూ ఇది మోసం కింద రాదు. అయినా వడ్డీ రూపంలో ఆమె నష్టపోయింది, ఆ నష్టానికి బాధ్యత వహించే మనిషి ఈ దేశంలో ఎక్కడా లేడు.

ఆమె అడిగిన ప్రశ్న అలాగే మిగిలింది. డబ్బు మీ దగ్గర ఉన్నప్పుడు జవాబు మీరెందుకు చెప్పరు?

యాప్ కంపెనీల వాళ్లను అడిగితే వాళ్లు వెంటనే చెప్పేది బీమా గురించి. మీ డబ్బుకు ఐదు లక్షల దాకా బీమా ఉందండీ, భయమెందుకు అంటారు. ఆ బీమా ఎలా వచ్చిందో, దేనికి వర్తిస్తుందో మాత్రం చెప్పరు. 1960లో కేరళలో పాలయి సెంట్రల్ బ్యాంకు కుప్పకూలి వేలాది కుటుంబాలు రోడ్డున పడ్డాక, పార్లమెంటు 1961లో చట్టం చేస్తే, 1962లో డిపాజిట్ బీమా మొదలైంది. అప్పట్లో ఒక్కొక్కరికి 1,500 రూపాయలు. పెరుగుతూ పెరుగుతూ 1993లో లక్ష అయింది. ఆ లక్ష దగ్గరే దాదాపు 27 ఏళ్లు ఆగిపోయింది. పీఎంసీ బ్యాంకు మునిగి, డిపాజిటర్లు ముంబయి వీధుల్లో ఏడ్చాక, 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలు చేశారు. అసలు, వడ్డీ రెండూ కలిపి ఐదు లక్షలు. బ్యాంకు మీద ఆంక్షలు పడితే 90 రోజుల్లో ఆ బీమా సొమ్ము చేతికి రావాలని 2021లో చట్టం సవరించారు. ప్రీమియం బ్యాంకే కట్టాలి, మనం కాదు. ఇవన్నీ మంచి ఏర్పాట్లే. వాటికోసం చాలామంది పోరాడారు.

కానీ ఆ బీమా బ్యాంకు మునిగినప్పుడో, దాని మీద ఆంక్షలు పడినప్పుడో మాత్రమే వర్తిస్తుంది. యాప్ కంపెనీ మూతపడితే వర్తించదు. మీ ఖాతా ఆగిపోతే వర్తించదు. ఎవడో దొంగ మీ ఖాతా ఊడ్చేస్తే వర్తించదు. పైగా లెక్క బ్యాంకుకు, యాప్‌కు కాదు. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఎన్ని శాఖల్లో ఎన్ని ఖాతాలున్నా అన్నీ కలిపి ఐదు లక్షలే. జూపిటర్, ఫై అనే రెండు యాప్‌లు 2021లో జనంలోకి వచ్చినప్పుడు రెండింటి వెనుకా ఉన్నది ఫెడరల్ బ్యాంకే. ఒకదాంట్లో నాలుగు లక్షలు, ఇంకోదాంట్లో నాలుగు లక్షలు వేసి, డబ్బంతా ఒకేచోట పెట్టలేదు కదా అని ధైర్యంగా ఉన్నవాడికి అసలు లెక్కలో ఒకే బ్యాంకులో ఎనిమిది లక్షలున్నాయి. అందులో మూడు లక్షలకు బీమా లేదు. ఫెడరల్ బ్యాంకు మునుగుతుందని నేను అనడం లేదు, అది పాతుకుపోయిన బ్యాంకు. నేను అడిగేది వేరు. ఈ సంగతి ఆ మనిషికి ఖాతా తెరిచిన రోజే చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

అసలు చాలామంది యాప్‌లో బీమా ఉన్న డబ్బుకూ లేని డబ్బుకూ తేడా చూడలేరు, ఎందుకంటే రెండూ పక్కపక్కనే, ఒకే రంగులో, ఒకే సైజు అంకెల్లో కనిపిస్తాయి. వాలెట్‌లో వేసిన సొమ్ము డిపాజిట్ కాదు. బ్యాంకు కాని కంపెనీ వాలెట్ అయితే మీ డబ్బంతా మిగతా అందరి డబ్బుతో కలిసి ఎక్కడో ఒక ఎస్క్రో ఖాతాలో ఉంటుంది. దానికి వడ్డీ లేదు, డిపాజిట్ బీమా లేదు. పది రూపాయలకే బంగారం కొనండి అనే మీట పక్కనే ఉంటుంది. ఆ డిజిటల్ బంగారం తమ నియంత్రణలో లేదని, తేడా వస్తే మదుపరులకు తమ రక్షణ వర్తించదని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో చెప్పాల్సి వచ్చింది. ఇంకో మీట నొక్కితే మీ డబ్బు మీకు ముక్కూమొహం తెలియని వాళ్లకు అప్పుగా వెళ్తుంది. కొన్ని వేదికలు ఆ అప్పునే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునే పొదుపు అన్నట్టు అమ్మాయి. 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు నిబంధనలు బిగించి ఇక అలా అమ్మకూడదంది. అప్పటికే ఎన్ని ఇళ్ల డబ్బు అందులోకి వెళ్లిందో! పొదుపు ఖాతా అనే నమ్మకాన్ని ఎరగా వేసి, దాని పక్కనే నష్టభయం ఉన్న సరుకంతా పరిచి, ఒకే వేలితో నొక్కేలా చేయడం దుర్మార్గం. దీన్ని సౌకర్యం అనడం ఇకనైనా ఆపాలి.

లైసెన్సు ఉన్న బ్యాంకు అయినంత మాత్రాన సరిపోదని కూడా మనం చూశాం. 2017లో ఎయిర్‌టెల్ వ్యవహారం గుర్తుందా? సిమ్ కార్డుకు ఆధార్ ధ్రువీకరణ అంటూ వేలిముద్ర వేయించుకుని, దాంతోపాటే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరిచేశారు. ప్రభుత్వం వేసే డబ్బు ఆధార్‌కు చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది. అందుకని లక్షల మందికి రావాల్సిన గ్యాస్ సబ్సిడీ, వంద కోట్లకు పైబడిన సొమ్ము, తమకు ఉన్నట్టే తెలియని ఖాతాల్లోకి వెళ్లి పడింది. పాత బ్యాంకు పాస్‌బుక్కు పట్టుకుని ఈ నెల కూడా సబ్సిడీ పడలేదని గ్యాస్ ఏజెన్సీ చుట్టూ తిరిగిన ముసలివాళ్లను తలుచుకోండి. ఆధార్‌తో గుర్తింపు ధ్రువీకరించే ఈ-కేవైసీని ఆ కంపెనీ వాడకుండా ఆధార్ సంస్థ ఆపింది. స్పష్టమైన సమ్మతి లేకుండా ఖాతాలు తెరిచినందుకు రిజర్వు బ్యాంకు 2018 మార్చిలో జరిమానా వేసింది. ఎంతో తెలుసా? 5 కోట్లు. వేలిముద్రకు ఈ దేశం కట్టిన వెల అది.

ఆ తర్వాత పేటీఎం పేమెంట్స్ బ్యాంకు. 2022 మార్చిలోనే కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని రిజర్వు బ్యాంకు ఆపింది. 2023 అక్టోబరులో 5.39 కోట్ల జరిమానా వేసింది. 2024 జనవరి 31న, నిబంధనల ఉల్లంఘన ఎడతెగకుండా సాగుతోందంటూ, ఫిబ్రవరి 29 తర్వాత ఆ ఖాతాల్లో, వాలెట్లలో ఎవరూ డబ్బు వేయకూడదని ఆదేశించింది. తర్వాత గడువు మార్చి 15 దాకా జరిపింది. ఉన్న డబ్బు తీసుకోవడానికి అడ్డులేదు, ఎవరి డబ్బూ పోలేదు. అది నిజం. అయితే ఆ ఫిబ్రవరి నెల ఎలా గడిచిందో టిఫిన్ సెంటర్ల దగ్గర, కిరాణా కొట్ల దగ్గర చూసినవాళ్లకు గుర్తుంటుంది. ఇడ్లీ పొట్లం కడుతూనే ఒక్కొక్కరూ, "బాబూ, ఈ స్కానర్ పనిచేస్తదా, మార్చాలా?" అని కొన్నవాళ్లనే అడిగారు. ఆ ఖాతాకు గ్యాస్ సబ్సిడీ కట్టుకున్నవాళ్లు, జీతం కట్టుకున్నవాళ్లు, ఫాస్టాగ్ కట్టుకున్నవాళ్లు అన్నిచోట్లా మళ్లీ మార్పించుకోవాల్సి వచ్చింది. వెళ్లి కూర్చోవడానికి వాళ్లకు శాఖ లేదు. ఉల్లంఘించింది బ్యాంకు, పరుగులు పెట్టింది ఖాతాదారు. రెండేళ్ల ముందే తప్పులు కనిపించినప్పుడు పాత ఖాతాదారులకు ఆ సంగతి ఇంటికి ఉత్తరం రాసి ఎందుకు చెప్పలేదని నేను రిజర్వు బ్యాంకును అడుగుతున్నాను. ఖాతాదారుకు చివరి నెలలో తెలిసే పర్యవేక్షణ ఖాతాదారు కోసం చేస్తున్నది కాదు.

ప్రభుత్వ రంగ బ్యాంకులకూ ఈ యాప్ పిచ్చి పట్టింది. బ్యాంక్ ఆఫ్ బరోడాలో యాప్ నమోదుల సంఖ్య పెంచడం కోసం ఖాతాదారుల ఖాతాలకు ఎవరెవరివో ఫోన్ నంబర్లు తగిలించారని 2023లో పత్రికల్లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 10న రిజర్వు బ్యాంకు ఆ యాప్‌లో కొత్తవారిని చేర్చడం ఆపేయించింది. మళ్లీ అనుమతించింది 2024 మే నెలలోనే. ఒక పల్లెటూరి మనిషి ఖాతాకు ఇంకెవరిదో ఫోన్ నంబరు కలిపితే అతని ఇంటి తాళంచెవి వీధిలో పడేసినట్టే. ఆ పని చేయించింది దొంగలు కాదు, పైనుంచి వచ్చిన టార్గెట్లు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది మన దేశపు తలనొప్పి అనిపిస్తుందేమో. సినాప్స్ సంగతి వాళ్లు మర్చిపోకూడదు. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన ఆ కంపెనీ పొదుపు యాప్‌లకూ బ్యాంకులకూ మధ్యలో నిలబడి ఎవరి డబ్బు ఎంతో లెక్క రాసేది. 2024 ఏప్రిల్‌లో దివాలాకు వెళ్లింది. మే నెలలో లక్షమందికి పైగా జనానికి తమ డబ్బు తమకు అందకుండా పోయింది. అమెరికాలో డిపాజిట్ బీమా చూసే ఎఫ్‌డీఐసీకి ఒకప్పుడు అధిపతిగా చేసిన జెలెనా మెక్‌విలియమ్స్‌ను కోర్టు ట్రస్టీగా పెడితే, ఆమె తేల్చింది ఏమిటి? బ్యాంకుల్లో ఉన్న డబ్బుకూ జనానికి ఇవ్వాల్సిన డబ్బుకూ మధ్య 6.5 కోట్ల నుంచి 9.6 కోట్ల డాలర్ల తేడా ఉంది. ఆ తేడా ఎటు పోయిందో ఏ ఒక్కరి పుస్తకమూ సరిగా చెప్పలేదు. ఆ యాప్‌ల మీద ఎఫ్‌డీఐసీ బీమా ఉంది అని రాసి ఉంది. జనం అది చూసే వేశారు. తీరా చూస్తే బ్యాంకేదీ మునగలేదు, మునిగింది మధ్యవర్తి, మధ్యవర్తి మునిగితే ఆ బీమా రాదు. వేల డాలర్లు దాచుకున్న కొందరికి చివరకు చేతిలో పెట్టింది చిల్లర.

మన దగ్గర అచ్చం అలాగే జరగడం కష్టం. ఇక్కడ భాగస్వామి బ్యాంకు పొదుపు ఖాతాను నేరుగా మీ పేరు మీదే తెరుస్తుంది, మీ నిల్వ బ్యాంకు పుస్తకంలోనే ఉంటుంది. బ్యాంకు కాని కంపెనీని అనుమతి లేకుండా డిపాజిట్లు పుచ్చుకోనివ్వకుండా రిజర్వు బ్యాంకు పట్టుబట్టి కాపాడింది ఇదే. ఆ విషయంలో దానికి దండం పెట్టాలి. జనం దగ్గర డిపాజిట్లు పోగేసి ఎగ్గొట్టిన అగ్రిగోల్డ్ కంపెనీ చేతిలో లక్షల కుటుంబాలు ఏమయ్యాయో చూసిన మనకు ఆ పట్టుదల విలువ బాగా తెలుసు. అంత పట్టుదల ఉన్న సంస్థ, తలుపు దగ్గర నిలబడ్డ మధ్యవర్తిని మాత్రం ఎందుకింత స్వేచ్ఛగా వదిలేసిందో నాకు అంతుబట్టదు.

ఇక దొంగతనాల మాటకొద్దాం. బ్యాంకుల వాళ్లు ఎస్సెమ్మెస్ మీద ఎస్సెమ్మెస్ పంపుతారు: జాగ్రత్త, ఓటీపీ చెప్పకండి, లింకు నొక్కకండి. జాగ్రత్తంతా జనం పడాలి. 2022 జనవరిలో హైదరాబాద్‌లో ఏపీ మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో హ్యాకర్లు 12 కోట్లకు పైగా కొట్టేశారు. ఎలా చొరబడ్డారు? బ్యాంకు ఉద్యోగులకు పంపిన మోసపు మెయిళ్లతో. సైబర్ భద్రత నియమాలు పాటించనందుకు ఆ బ్యాంకుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది. కంప్యూటర్ల ముందు రోజంతా కూర్చునే బ్యాంకు వాళ్లే మోసపు మెయిలుకు చిక్కినప్పుడు, పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కిన రైతును మీ అజాగ్రత్త అని కసిరే హక్కు ఎవరికీ లేదు.

నిబంధనలు కూడా ఆ రైతు వైపే ఉన్నాయి, అది చాలామందికి తెలియదు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ కాకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారి మీద పైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాదారు భరించాల్సింది గరిష్ఠంగా పదివేలు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ సొమ్మును ఖాతాలో తిరిగి జమచేసి ఉంచాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుది. ఇంత బలమైన ఆదేశం కాగితం మీద ఉంది. కౌంటర్ దగ్గరకు వెళ్తే జరిగేది వేరు. ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది కాబట్టి మీరే ఇచ్చి ఉంటారు, మీదే నిర్లక్ష్యం అని ఒక్క వాక్యంలో ఆ భారాన్ని మళ్లీ జనం నెత్తిన పెడతారు. అదీ కౌంటర్ ఉంటే. యాప్‌లో ఆ వాక్యం చెప్పడానికి కూడా మనిషి దొరకడు. గంట ఆలస్యమైనా డబ్బు నాలుగు రాష్ట్రాలు దాటిపోతుంది. అందుకే డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, యాప్ చాట్‌లో జవాబు కోసం కూర్చోకండి. ఆ వెంటనే ఫిర్యాదు బ్యాంకుకు రాతలో పంపండి. యాప్ కంపెనీకి పంపితే సరిపోదు, బ్యాంకుకు చేరాలి. అప్పుడే ఆ మూడు రోజుల లెక్క మీకు దక్కుతుంది.

ఇంకో అన్యాయం నడుస్తోంది. ఎక్కడో దొంగిలించిన సొమ్ములో రెండు వందలు చేతులు మారి మీ కొట్టులో ఉల్లిపాయలు కొనడానికి వచ్చాయనుకోండి. పోలీసుల నుంచి సమాచారం రాగానే మీ ఖాతా మొత్తం ఆపేస్తున్నారు. వివాదంలో ఉన్న మొత్తాన్ని మాత్రమే ఆపాలి తప్ప ఖాతా అంతా కాదని కేరళ హైకోర్టు 2023లోనే చెప్పింది. శాఖ ఉన్న బ్యాంకులో కనీసం మేనేజరు గదిలో కూర్చుని ఏ ఊరి పోలీసు స్టేషన్, ఏ కేసు నంబరు అని కనుక్కోవచ్చు. యాప్ ఖాతాదారుకు ఆ కాస్త ఆధారం కూడా లేదు.

శాఖలున్న బ్యాంకులు మునగలేదా అని నన్ను నిలదీసేవాళ్లున్నారు. మునిగాయి. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు మునిగింది. పీఎంసీ బ్యాంకు హెచ్‌డీఐఎల్ అనే ఒక్క రియల్ ఎస్టేట్ గ్రూపుకు ఇచ్చిన అప్పులను వేల దొంగ ఖాతాల చాటున దాచింది. 2019 సెప్టెంబరులో ఆంక్షలు పెట్టిన మొదటి రోజు జనం తీసుకోగలిగింది వెయ్యి రూపాయలు. 2025 ఫిబ్రవరిలో ముంబయిలో న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకు ఖజానాలోంచే 122 కోట్లు మాయమైన సంగతి బయటపడింది. ఇటుకల గోడ ఉన్నంత మాత్రాన డబ్బు భద్రం కాదు. యాప్ చెడ్డది కూడా కాదు. రోజు కూలి వదులుకుని ఎండలో క్యూ కట్టాల్సిన ఆడవాళ్లకు ఇంట్లో కూర్చుని డబ్బు పంపే వీలు దొరకడం చిన్న మేలు కాదు, దాన్ని వెనక్కి లాక్కోవాలని నేను ఎన్నటికీ అనను. కానీ శాఖ మునిగిన రోజు జనం ఆ తలుపు ముందు గుమిగూడారు, అరిచారు, ఆ కేకలు పార్లమెంటు దాకా వినబడ్డాయి, ఐదు లక్షల బీమా అలా వచ్చింది. యాప్ ఖాతాదార్లు ఎక్కడ గుమిగూడాలి? ఒకే బాధ పడుతున్న లక్షమంది ఒకరికొకరు తెలియకుండా ఎవరింట్లో వాళ్లు ఫోన్ పట్టుకుని కూర్చుంటారు. ఈ వ్యాపారానికి అంతకంటే లాభసాటి విషయం ఇంకొకటి లేదు.

నేను కోరేవి గొంతెమ్మ కోర్కెలు కావు. యాప్ పేరు ఎంత పెద్దగా ఉందో బ్యాంకు పేరూ అంతే పెద్దగా, మొదటి తెర మీద, తెలుగువాడికి తెలుగులో కనిపించాలి. బీమా ఉన్న డబ్బు వేరే తెరలో, లేనిది వేరే తెరలో ఉండాలి. లేనిదాని మీద లేదు అని రాయాలి. ఈ ఖాతాతో కలిపి ఈ బ్యాంకులో మీకు మొత్తం ఇంత ఉంది, ఇందులో ఇంతకే బీమా ఉంది అని చూపాలి. బ్యాంకు కంప్యూటర్‌కు ఇది క్షణం పని. అన్నిటికంటే ముఖ్యంగా, ఖాతా ఏ దారిన తెరిచినా ఆ బ్యాంకుకు చెందిన ప్రతి శాఖా ఆ ఖాతాదారు ఫిర్యాదును కాగితం మీద తీసుకుని, ముద్ర వేసి, రశీదు ఇవ్వాలి. ఆధార్ చూపి మనిషి ఎదురుగా నిలబడితే గుర్తింపు తతంగం అక్కడే పూర్తిచేసి డబ్బు ఇవ్వాలి. తెనాలిలో ఆమె ఆ రోజు అడిగింది అదే. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో చేతకానివాళ్లు కాగితం మీద రాసి పంపాల్సింది చండీగఢ్‌కు. ముద్ర వేసిన రశీదు లేని మనిషి చండీగఢ్‌కు ఏం రాసి పంపుతుంది?

ఖర్చు పెరుగుతుంది, ఇలాగైతే ఈ కంపెనీలు బతకలేవు అంటారు. క్యాష్‌బ్యాకులకు, హోర్డింగులకు, క్రికెట్ ప్రకటనలకు పోసే డబ్బులో కొంత మనిషికి మనిషి జవాబు చెప్పడానికి పెట్టమనండి. అది కూడా పెట్టలేని కంపెనీ జనం పొదుపు దగ్గరకు రాకూడదు. ఈ మార్పు జరిగేదాకా మీ జీతం ఖాతానూ, అమ్మానాన్నల పింఛను ఖాతానూ యాప్‌కు మార్చకండి. నెల ఖర్చులకు సరిపడా పంపుకోండి, పొదుపు మాత్రం మీరు నడిచి వెళ్లి మనిషితో మాట్లాడగలిగిన చోటే ఉంచండి.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. బ్యాంకులను ఆదేశించే అధికారమిచ్చే 35ఏ సెక్షన్ బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో, రిజర్వు బ్యాంకు చేతిలో ఎప్పటినుంచో ఉంది. పీఎంసీ డిపాజిటర్ల చేతికి వెయ్యి రూపాయలే అని కట్టడి చేసింది ఆ సెక్షన్ కిందే, పేటీఎం పేమెంట్స్ బ్యాంకును ఆపిందీ ఆ సెక్షన్ కిందే. ఖాతాదార్ల డబ్బు ఆపడానికి అక్కరకొచ్చిన అధికారం, యాప్ ముఖం మీద బ్యాంకు పేరు రాయించడానికి ఎందుకు అక్కరకు రాదో మన రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు లోక్‌సభలో లేచి ఆర్థిక మంత్రిని అడగాలి. జవాబు రాతపూర్వకంగా కావాలి.